సైనిక చొక్కా వయసు తేల్చే అంకెలు

వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుడు తొడుక్కున్న కామోఫ్లాజ్ చొక్కా ఇదేనంటూ ఎవరైనా చేతికిస్తే, ముందు చూపు దాని మచ్చల మీద పడుతుంది. లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ, గోధుమ, నలుపు. తర్వాత మెడ దగ్గర వెలిసిపోయిన లేబుల్, ఛాతీ మీద ఎవరిదో పేరు. అమ్మే మనిషి 1968 నాటిదంటాడు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు ఇవి ఆర్మీ సర్‌ప్లస్ దుకాణాల్లో, వారాంతపు సంతల్లో, ఆన్‌లైన్ వేలాల్లో ఎదురవుతూనే ఉంటాయి. అసలువీ దొరుకుతాయి, సినిమాల కోసం కుట్టినవీ, అభిమానుల కోసం కుట్టినవీ, మోసం కోసమే కుట్టినవీ దొరుకుతాయి. అన్నీ ఒకే కొక్కేనికి వేలాడుతుంటాయి.

చొక్కా ఒకటే అయినా దానికి పుట్టిన తేదీలు చాలా. గుడ్డ ఒకనాటిది, దాని మీద అద్దిన నమూనా ఒకనాటిది, దారం, గుండీ, జిప్, లేబుల్ తలా ఒకనాటివి. వీటన్నిటిలో ఆఖరున పుట్టినదేదో పట్టుకుంటే చాలు. చొక్కా అంతకంటే పాతది అయ్యే వీలు లేదు. అన్ని గుర్తులూ 1968 అంటున్నా ఒక్క జిప్ 1985 అంటే జిప్ మాటే చెల్లుతుంది. దాన్ని తర్వాత ఎవరో మార్చారని కుట్లు చూపిస్తే తప్ప. పాత సైనిక దుస్తుల అసలు నకిలీ తేల్చే పని అంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది. కావలసినవి ఒక స్కేలు, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, కొన్ని అంకెలు.

60 శాతం

వియత్నాం చొక్కాల మీది ఆ నాలుగు రంగుల నమూనాను 1948లో తయారు చేశారు. వర్జీనియా రాష్ట్రం ఫోర్ట్ బెల్వాయిర్‌లో ఉన్న అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాలలో అది పుట్టింది. ఆ ప్రయోగశాల పేరులోని పొడి అక్షరాలతోనే దాన్ని ఈఆర్‌డీఎల్ అంటారు. గీసిన తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు అది పక్కనే పడి ఉంది. 1967లో వియత్నాంలోని నిఘా దళాలకూ ప్రత్యేక దళాలకూ మొదటగా చేరింది. ఆకుపచ్చ ఎక్కువగా ఉన్నదాన్ని సేకర్తలు పల్లపు రకమనీ, గోధుమ ఎక్కువగా ఉన్నదాన్ని మెట్ట రకమనీ అంటారు.

1981లో అమెరికా సైన్యం అందరికీ ఒకే యుద్ధ యూనిఫాం తెచ్చినప్పుడు ఇదే నమూనాను తీసుకుని 60 శాతం పెద్దది చేసింది. దూరం నుంచి చూస్తే చిన్న మచ్చలు కలిసిపోయి ఒకే ముద్దగా కనబడతాయి, పెద్దవి విడివిడిగా నిలుస్తాయి. వుడ్‌లాండ్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన కామోఫ్లాజ్ అదే. రంగులు నాలుగే, ఆకారాలు దాదాపు అవే, ముఖ్యంగా మారింది కొలత. అందుకే కొత్తగా చూసేవారు రెంటినీ ఒకటే అనుకుంటారు, మోసగాళ్లు ఆ పొరపాటు మీదే బతుకుతారు. 1980ల నాటి వుడ్‌లాండ్ గుడ్డ కావలసినంత దొరుకుతుంది. దాన్ని వియత్నాం కత్తిరింపులో కుట్టి, బాగా ఉతికి, ఎండలో వెలిసేలా చేస్తే పాతదిగా కనబడుతుంది.

ఇక్కడ స్కేలు పనికొస్తుంది. ఈఆర్‌డీఎల్‌లో 10 సెంటీమీటర్లున్న కొమ్మలాంటి నల్లమచ్చ వుడ్‌లాండ్‌లో 16 సెంటీమీటర్లు ఉంటుంది. చీర కొనేటప్పుడు అద్దకంలో ఒకే పువ్వు మళ్లీ ఎక్కడ వస్తుందో వేలితో వెతికినట్టే, చొక్కా వీపు మీద గుర్తు పట్టడానికి వీలైన ఒక నల్లమచ్చను ఎంచుకుని అది మళ్లీ వచ్చే చోటు దాకా కొలవాలి. ఏదైనా మ్యూజియం భద్రపరిచిన, చరిత్ర తెలిసిన చొక్కా ఫోటోలో అదే మచ్చను దాని గుండీతోనో జేబు వెడల్పుతోనో పోల్చి చూసుకోవచ్చు. వెలిసిన రంగులు మోసం చేస్తాయి, ఫోటోలో వెలుతురు మోసం చేస్తుంది, కొలత చేయదు. ఈ ఒక్క పరీక్ష తెలిసి ఉంటే వియత్నాం పేరుతో తిరిగే నకిలీల్లో పెద్ద వాటా దుకాణం గడప దగ్గరే ఆగిపోతుంది.

గుడ్డనూ చూడాలి. 1981 నాటి వుడ్‌లాండ్ చొక్కాలు సగం నైలాన్, సగం నూలు కలిపిన ట్విల్. దగ్గరగా చూస్తే నేతలో ఏటవాలు గీతలు కనబడతాయి. వియత్నాం కాలపు తేలిక చొక్కాలు పూర్తి నూలువి. వాటిలో మొదటివి నున్నటి పాప్లిన్, తర్వాతివి రిప్‌స్టాప్, అంటే చిరుగు పాకకుండా పడుగులోనూ పేకలోనూ ఎడం ఎడంగా లావు పోగులు వేసి చిన్న గళ్లుగా నేసినవి. వుడ్‌లాండ్‌లోనూ తర్వాత నూలు రిప్‌స్టాప్ వచ్చింది కాబట్టి గళ్లు కనబడగానే వియత్నాం అనేయకూడదు. జేబుల వాలు ఇంకా గట్టి గుర్తు. వియత్నాం కాలపు చొక్కాకు ఛాతీ జేబులు లోపలివైపు ఏటవాలుగా ఉంటాయి. ఈఆర్‌డీఎల్ గుడ్డే అయినా జేబులు నిటారుగా ఉంటే అది 1970ల చివరిది. అది అసలైన సైనిక చొక్కాయే. అయితే యుద్ధం ముగిశాక కుట్టింది. దాన్ని యుద్ధం నాటిదని అమ్మితే మాత్రం మోసమే.

11, 13, 67

లేబుల్ మీద రెండు రకాల సంఖ్యలుంటాయి. ఒకటి కొనుగోలు ఒప్పందం నంబరు, రెండోది సరుకు నంబరు.

అమెరికా రక్షణ సరఫరా సంస్థ డీఎస్‌ఏ 1962 జనవరి 1న పని మొదలుపెట్టింది. ఆ కాలపు లేబుల్ మీద డీఎస్‌ఏ 100-67-సి అని మొదలై తర్వాత కొన్ని అంకెలు వస్తాయి. 100 అంటే ఫిలడెల్ఫియాలోని కొనుగోలు కేంద్రం. నడిమిది 67 అంటే ఆర్థిక సంవత్సరం. ఇక్కడ చాలామంది తడబడతారు. అప్పట్లో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలయ్యేది. కాబట్టి 67 అంటే 1966 జూలై 1 నుంచి 1967 జూన్ 30 దాకా. 1976లో దాన్ని అక్టోబరు 1కి మార్చారు. ఒప్పందం కుదిరాక గుడ్డ నేయాలి, అద్దాలి, కత్తిరించాలి, కుట్టాలి, ఓడ ఎక్కించాలి. 67 లేబుల్ చొక్కాను సైనికుడు 1968లోనో 69లోనో తొడుక్కుని ఉండొచ్చు. 1969 నాటి సైనికుడి పేరు 67 లేబుల్ చొక్కా మీద ఉంటే అనుమానించాల్సిన పని లేదు. 70 లేబుల్ చొక్కాకు 1968 నాటి యుద్ధకథ అంటగడితే మాత్రం అక్కడే వదిలేయాలి.

1977 జనవరి 1న డీఎస్‌ఏ పేరు డీఎల్‌ఏగా మారింది. డీఎల్‌ఏ 100-82 అన్న లేబుల్ వుడ్‌లాండ్ చొక్కాల మీద సహజం. డీఎల్‌ఏ 100-68 అని ఎక్కడైనా కనబడితే ఆ లేబుల్ అచ్చు వేసినవారికి చరిత్ర తెలియదన్నమాట.

సరుకు నంబరు ఇంకా సూటిగా మాట్లాడుతుంది. 1974 సెప్టెంబరు దాకా అమెరికా సైనిక సరుకు నంబరులో 11 అంకెలుండేవి. మొదటి నాలుగూ వర్గం: 8405 అంటే పురుషుల పైదుస్తులు, 8415 అంటే ప్రత్యేక అవసరాల దుస్తులు. 1974లో నాటో దేశాలన్నిటి లెక్కా కలిసేలా వర్గం తర్వాత రెండు అంకెల దేశసంకేతం చేర్చారు. అమెరికాకు 00, 01, బ్రిటన్‌కు 99, జర్మనీకి 12, ఫ్రాన్స్‌కు 14. దాంతో 11 కాస్తా 13 అయింది. అంకెలు లెక్కపెట్టడం చిన్నపిల్లలు కూడా చేయగల పని. 1968 ఒప్పందం నంబరు పక్కన 13 అంకెల సరుకు నంబరు ఉంటే ఆ లేబుల్ అబద్ధం. 1975, 76 ఒప్పందాల్లో డీఎస్‌ఏ పేరూ 13 అంకెలూ కలిసి కనబడటం సహజమే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

లేబుల్ అంకెలన్నీ పొసిగినా పని పూర్తికాదు. లేబుల్ అచ్చు వేయడం ఈ రోజుల్లో కష్టమేమీ కాదు, చిరిగిపోయిన అసలు చొక్కా లేబుల్ విప్పి కొత్తదానికి కుట్టడం ఇంకా సులువు. అందుకే లేబుల్ చదివాక దాని అంచుల్ని చదవాలి. కాలర్ కింది భాగాన్ని వెలుతురుకెదురుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. లేబుల్ చుట్టూ ఇప్పుడున్న కుట్టు పక్కనే ఖాళీ సూదిరంధ్రాల వరస ఇంకొకటి కనబడితే అక్కడ ముందు వేరే లేబుల్ ఉండేది. లేబుల్ గుడ్డలోనే రెండు వరసల రంధ్రాలుంటే అది వేరే చొక్కా నుంచి వచ్చింది. లేబుల్ కుట్టిన దారం పక్కనున్న కాలర్ దారం కంటే ముదురుగా, మెరుపుగా ఉందా? లేబుల్ అక్షరాలు చెరిగిపోయేంత అరిగినా దాని కిందనున్న గుడ్డ, కాలర్ మడత కొత్తగానే ఉన్నాయా? ముప్పయి సార్లు ఉతికితే లేబుల్, కాలర్ మడత, కాజాల అంచులు, జేబు మూత కొసలు అన్నీ కలిసి అరుగుతాయి. ఏ ఒక్కటి ముందో వెనకో ఉన్నా కారణం అడగాలి. నా మట్టుకు లేబుల్ మీది అక్షరాల కంటే ఈ సూదిరంధ్రాల మీదే ఎక్కువ నమ్మకం.

చొక్కాను తిరగేసి లోపలి ముక్కలూ చూడాలి. ఫ్యాక్టరీలో ఒకేసారి ఎన్నో పొరల గుడ్డ పేర్చి కోస్తారు. ఒకే తాను నుంచి వచ్చిన ముక్కలే ఒక చొక్కాకు చేరాలని వాటి మీద సిరాతో చిన్న అంకె ముద్ర వేయడమో, అంకె వేసిన చీటీ తగిలించడమో చేస్తారు. పాత సైనిక దుస్తుల లోపల అలాంటి అంకెలు మిగిలి ఉంటే మంచి గుర్తు, వీపుకీ చేతికీ ఒకే అంకె ఉంటే ఇంకా మంచిది.

జిప్ గురించి ఒక మాట. 1941 నుంచి అమెరికాలో బెర్రీ సవరణ అనే నిబంధన ఉంది. సైన్యం కొనే బట్టలు దేశంలోనే తయారు కావాలన్నది దాని సారం. వైకేకే జిప్‌లు చేసే జపాన్ కంపెనీ. అమెరికాలో జార్జియా రాష్ట్రం మేకన్‌లో దాని కర్మాగారం 1974లో మొదలైంది. 1968 ఒప్పందపు ప్యాంటుకు వైకేకే జిప్ ఉంటే అది మార్చిన జిప్ అన్నా అయ్యుండాలి, ప్యాంటే నకిలీ అన్నా అయ్యుండాలి. జిప్ మీద టాలన్, కాన్‌మార్, స్కోవిల్ పేర్లుంటే ఆ కాలానికి సరిపోతాయి.

కప్పచర్మం, అతినీలలోహిత కాంతి

రెండో ప్రపంచయుద్ధానికి వెళ్తే పరీక్షలు మారతాయి. 1942 జూలైలో జనరల్ మెకార్థర్ పసిఫిక్ అడవుల్లో పోరాటానికి 1,50,000 కామోఫ్లాజ్ దుస్తులు కావాలన్నాడు. వాటి నమూనా నార్వెల్ గిలెస్పీ అనే ఉద్యాన నిపుణుడి చేతిది. ఆయన ఓ పత్రికలో తోటల పెంపకం శీర్షికకు సంపాదకుడు. చెట్ల నీడలు నేల మీద ఎలా చెదురుతాయో తెలిసిన మనిషి. గుడ్డకు రెండు ముఖాలు: ఒకవైపు అడవికి ఐదు రంగుల ఆకుపచ్చ, రెండోవైపు సముద్రతీరానికి మూడు రంగుల గోధుమ. సైనికులు దాన్ని కప్పచర్మం అన్నారు. నేత హెరింగ్‌బోన్ ట్విల్, ఏటవాలు గీతలు ఎదురెదురుగా కలిసి చేప ముల్లులా కనిపించేది.

ఈ నమూనాకు యుద్ధం తర్వాత రెండో జీవితం దొరికింది. 1961లో క్యూబా మీద దిగిన ప్రవాసుల 2506 బ్రిగేడ్ ఇలాంటి మచ్చలే తొడుక్కుంది. అమెరికాలో బాతుల వేటగాళ్లకు దుకాణాలు వీటిని దశాబ్దాల పాటు అమ్మాయి. వేటచొక్కాను రెండో ప్రపంచయుద్ధం నాటి మెరీన్ సైనికుడి చొక్కాగా చూపడం ఇక్కడ మామూలు మోసం. దానికి విరుగుడు ఒక చిన్న సంఖ్యలో ఉంది. వేటచొక్కా లేబుల్ మీద ఆర్‌ఎన్ అన్న అక్షరాలూ కొన్ని అంకెలూ ఉండొచ్చు. అది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బట్టల వ్యాపారులకిచ్చే నమోదు నంబరు. 1952కు ముందు ఆర్‌ఎన్ నంబర్లే లేవు. ఆ నంబరు 13670 గానీ ఆ పైన గానీ అయితే చొక్కా 1959కి ముందుది కాదు. 1944లో పసిఫిక్ దీవుల్లో పోరాడిన చొక్కాకు ఆ అక్షరాలు రావడానికి దారే లేదు.

ఇక సేకర్తలందరి చేతుల్లో కనిపించే 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం. బట్టను తెల్లగా చూపించే రసాయనాలు 1950ల నుంచి ఇంటి డిటర్జెంట్లలో విరివిగా చేరాయి, అవి ఈ కాంతిలో నీలిగా మెరుస్తాయి. పాలియెస్టర్‌ను ఇంగ్లండ్‌లో కనిపెట్టింది 1941లో, అమెరికాలో వ్యాపారస్థాయిలో తయారైంది 1950ల్లో. కాబట్టి 1943 చొక్కాలో గుడ్డ చీకటిగా ఉండి కుట్టు దారం మాత్రం వెలిగితే తీర్పు దాదాపు ఖాయం. గుడ్డ, దారం, లేబుల్ అన్నీ ఒకే తీరుగా వెలిగితే మాత్రం తొందరపడకూడదు. ఎవరో తాతగారి చొక్కాను మనవరాలు గత వారం సర్ఫ్‌లో ఉతికినా అలాగే వెలుగుతుంది. వెలగలేదని నమ్మేయడమూ తప్పే. తెలివైన నకిలీ తయారీదారు నూలు దారమే వాడతాడు. వియత్నాం చొక్కాల విషయంలో ఈ దీపం దాదాపు వృథా, ఎందుకంటే 1968 నాటికి ఆ రసాయనాలు అన్ని ఇళ్లలోనూ ఉన్నాయి. దీపం వెలిగించి ఒక్క మాటలో తేల్చేసే అమ్మకందారుణ్ని నేను నమ్మను.

లోపలి కుట్టు నుంచి సెంటీమీటరు దారం తీసి కాలిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. ఇది యజమాని అనుమతితోనే చేయాలి.

జర్మన్ దుస్తుల జోలికి ఎక్కువగా పోను. నాజీ ఎస్‌ఎస్ దళాల కామోఫ్లాజ్‌కు మార్కెట్ పెద్దది, నకిలీలూ అంతే పెద్దవి. ఒక్క అంకె చాలు: చుక్కల నమూనా యూనిఫాం 1944 మార్చిలో వచ్చింది. దాని మీద 1942 ముద్ర కనబడితే వెనక్కి ఇచ్చేయండి.

అంకెలు లేని చోటు

పులిచారల చొక్కాల దగ్గర ఈ పద్ధతి దెబ్బతింటుంది. వియత్నాం మెరీన్ల కోసం, ప్రత్యేక దళాల కోసం స్థానికంగా, చుట్టుపక్కల ఆసియా దేశాల్లో నేయించి కుట్టించినవి ఇవి. డీఎస్‌ఏ నంబరు లేదు, సరుకు నంబరు లేదు. చాలావాటికి ఉండేది ఒక కొలత ముద్ర మాత్రమే: ఆసియా మీడియం, అమెరికా లార్జ్ అన్నట్టు. రిచర్డ్ డెనిస్ జాన్సన్ 1999లో వెలువరించిన పుస్తకం ఈ చారల రకాలను వరుసపెట్టి గుర్తించింది, సేకర్తలు ఇప్పటికీ దానితోనే పోల్చుకుంటారు. జపాన్‌లో బజ్ రిక్సన్స్, రియల్ మెకాయ్స్ లాంటి బ్రాండ్లు పాత దుస్తులను ఎంత శ్రద్ధగా మళ్లీ చేస్తాయంటే సొంత లేబుల్ విప్పేస్తే నిపుణులు కూడా ఆలోచనలో పడతారు. ఆ కంపెనీలు తమ పేరు పెట్టుకునే అమ్ముతాయి, తప్పు లేబుల్ విప్పినవాడిది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు పులిచారలు కొనకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

చొక్కా అసలుదై కథ నకిలీ అయ్యే సందర్భాలూ ఉన్నాయి. అసలు చొక్కాకు పేరు, దళం బ్యాడ్జీ కుట్టి విలువ పెంచుతారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు చాకలి గుర్తుగా ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరు చివరి నాలుగు అంకెలు లోపల ముద్ర వేసేవారు. ఆ నాలుగు అంకెలు పేరుతో కలిస్తే గొప్ప సాక్ష్యం. 1969 జూలై 1 నుంచి సైన్యంలో సర్వీసు నంబరు బదులు సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. పేరును రికార్డులతో సరిచూద్దామంటే ఒక పెద్ద గండి ఉంది. 1973 జూలై 12న సెయింట్ లూయీలోని జాతీయ రికార్డుల కేంద్రంలో మంటలు లేచి 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం అందులో పోయాయి. వియత్నాం సైనికుల ఫైళ్లకు ఆ నష్టం తగల్లేదు. ‘ఆ ఫైలు సెయింట్ లూయీ మంటల్లో పోయింది’ అని వియత్నాం చొక్కాకు సాకు చెప్పే అమ్మకందారుడు ఆ మాటతోనే దొరికిపోతాడు.

మన దేశంలో పాత సైనిక దుస్తులు దాచుకోవడం వేరు, వాటితో సైనికుడిగా చెలామణీ కావడం వేరు. భారత సైనికుణ్ని అని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2022 జనవరి 15న ఆర్మీ డే నాడు బయటపెట్టిన కొత్త కామోఫ్లాజ్ నమూనాను భారత సైన్యం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌తో కలిసి రూపొందించి తన పేరిట నమోదు చేయించుకుంది. దాన్ని అనుమతి లేకుండా తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం.

ఆఖరుగా ఒక విన్నపం. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో, తెలుగునాట ఇంకెన్నో ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున తాతదో తండ్రిదో సైనిక చొక్కా ఉంటుంది. దాన్ని కొత్త డిటర్జెంట్‌లో ఉతకకండి, లేబుల్ విప్పకండి, ఊడిన గుండీకి కొత్తది కుట్టకండి. ఒక కాగితం మీద ఆయన పూర్తి పేరు, సర్వీసు నంబరు, రెజిమెంటు, పనిచేసిన సంవత్సరాలు రాసి చొక్కాతో పాటే పెట్టండి. ఆయన అది వేసుకున్న ఫోటో ఉంటే దాని ప్రతి కూడా. ఈ పని ఆయన్ను చూసినవాళ్లు ఇంట్లో ఉండగానే చేయండి.